ఇంధన సామర్థ్యం: ప్రయోగశాల నుండి పొలం దాకా

చిల్లుకుండను నింపడానికి రెండు మార్గాలున్నాయి. పోసే నీటిని పెంచడం ఒకటి, చిల్లును పూడ్చడం మరొకటి. విద్యుచ్ఛక్తి విషయంలో మానవ సమాజం చాలాకాలం మొదటి మార్గాన్నే అనుసరించింది. అవసరం పెరిగినప్పుడల్లా మరింత బొగ్గును తవ్వడం, మరొక నదికి అడ్డుకట్ట వేయడం, ఇంకొక విద్యుత్ కేంద్రాన్ని నిర్మించడం అభివృద్ధికి గుర్తులుగా నిలిచాయి. ఉత్పత్తి చేసిన శక్తిలో ఎంత భాగం నిజంగా పనికి వస్తున్నది, ఎంత భాగం వేడిగా, రాపిడిగా వ్యర్థమవుతున్నది అనే ప్రశ్న ఆలస్యంగా తలెత్తింది. ఆ ప్రశ్నకు సమాధానం వెతికే ప్రయత్నమే ఇంధన సామర్థ్య పరిశోధన.

పొదుపు, సామర్థ్యం అనే రెండు మాటలను సాధారణంగా ఒకే అర్థంలో వాడుతుంటారు. నిజానికి వాటి మధ్య స్పష్టమైన భేదం ఉంది. అక్కరలేని దీపాన్ని ఆర్పివేయడం పొదుపు. అంతే వెలుగును తక్కువ విద్యుత్తుతో ఇవ్వగల దీపాన్ని రూపొందించడం సామర్థ్యం. మొదటిది అలవాటుకు సంబంధించినది. రెండవది విజ్ఞానానికి సంబంధించినది. పొదుపును ఇంటి పెద్దలు పిల్లలకు నేర్పగలరు. సామర్థ్యానికి మాత్రం ప్రయోగశాల కావాలి, ఖచ్చితమైన కొలత కావాలి, దేశమంతటికీ వర్తించే ప్రమాణం కావాలి. ఫలితం కనిపించేవరకు సంవత్సరాల తరబడి ఖర్చు భరించే ఓపిక కావాలి. ఇవి ఏ ఒక్క వ్యక్తికో, చిన్న పరిశ్రమకో సాధ్యమయ్యే పనులు కావు. కనుకనే ప్రపంచమంతటా ఈ రంగంలో ప్రభుత్వ ప్రోత్సాహం అవసరమైంది.

అయితే పరిశోధన ఫలించినంత మాత్రాన దాని ప్రయోజనం ప్రజలకు చేరుతుందనుకోవడం పొరపాటు. ప్రయోగశాలకూ పొలానికీ మధ్య దూరం చాలా ఉంది. ఆ దూరాన్ని దాటిన ఫలితాలు కొన్ని, నడిమధ్యలో ఆగిపోయినవి కొన్ని. ఈ రెండింటినీ పక్కపక్కనే చూడగల ప్రాంతం నల్లగొండ జిల్లాలో ఉంది.

ఒక ప్రాంతం - రెండు యంత్రాలు

వేములపల్లి మండలం మిర్యాలగూడకు చేరువలో ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఈ ప్రాంతం మీదుగా సాగిపోతుంది. 1955 డిసెంబరు 10న సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలైంది. కాలువ నీరు వాలును అనుసరించి తనంత తానుగా పారుతుంది. దానిని పొలానికి చేర్చడానికి మోటారు అవసరం లేదు, తీగ అవసరం లేదు. ఇంజనీర్లు నేల వాలును జాగ్రత్తగా కొలిచి నిర్మించిన కాలువకు మించిన ఇంధన సామర్థ్యం మరొకటి లేదని చెప్పవచ్చు.

కాని కాలువ అన్ని పొలాలకూ అందదు; అందిన పొలాలకు కూడ అన్ని కాలాల్లోనూ అందదు. మెట్ట భూముల్లోను, సాగర్‌లో నీటిమట్టం తగ్గిన సంవత్సరాల్లోను రైతు బోరుబావిని ఆశ్రయిస్తాడు. ఆ విధంగా పండిన ధాన్యం మిర్యాలగూడ పరిసరాల్లోని రైస్ మిల్లులకు చేరుతుంది. తెలుగు నేల మీద రైస్ మిల్లులు అధిక సంఖ్యలో ఒకేచోట నెలకొన్న ప్రాంతాలలో మిర్యాలగూడ ప్రసిద్ధమైనది.

ఈ విధంగా ఇక్కడి ప్రతి బియ్యపు గింజ వెనుక రెండు యంత్రాల శ్రమ ఉంటుంది. ఒకటి నీటిని పైకి తెచ్చే మోటారు. రెండవది ధాన్యాన్ని బియ్యంగా మార్చే మర. మోటారు వాడుకునే విద్యుత్తుకు రైతు బిల్లు చెల్లించనవసరం లేదు. మర వాడుకునే విద్యుత్తుకు యజమాని ప్రతి నెలా బిల్లు చెల్లించవలసి ఉంటుంది. ఈ ఒక్క భేదం ఇంధన సామర్థ్య విషయంలో ఎంతటి వ్యత్యాసానికి దారితీసిందో గమనిస్తే ప్రభుత్వ ప్రోత్సాహం ఏ రూపంలో ఉండాలో బోధపడుతుంది.

మోటారు చెప్పే పాఠం

1000 లీటర్ల నీటిని 50 మీటర్ల లోతు నుండి పైకి తేవడానికి భౌతికశాస్త్ర సూత్రాల ప్రకారం అవసరమైన శక్తి సుమారు 0.136 యూనిట్లు మాత్రమే. ఒక ఎకరం వరికి ఒక పంటకాలంలో బోరు ద్వారా 1000 మిల్లీమీటర్ల లోతు నీరు పెట్టారని అనుకుంటే, ఆ నీటి పరిమాణం దాదాపు 40 లక్షల లీటర్లవుతుంది. దానిని ఎత్తడానికి సిద్ధాంతరీత్యా 550 యూనిట్ల విద్యుత్తు సరిపోవాలి. కాని ఏ యంత్రమూ నూటికి నూరు పాళ్లు పనిచేయదు. మోటారు, పంపు కలిసి 30 శాతం సామర్థ్యంతో పనిచేస్తే సుమారు 1,840 యూనిట్లు ఖర్చవుతాయి. 50 శాతం సామర్థ్యంతో పనిచేస్తే 1,100 యూనిట్లు చాలు. పైరు అదే, నీరు అదే, నేల అదే. తేడా మాత్రం 740 యూనిట్లు. బొగ్గుతో ఒక యూనిట్ విద్యుత్తును ఉత్పత్తి చేయడానికి సుమారు 600 నుండి 700 గ్రాముల బొగ్గు కావాలి. అంటే ఒక్క ఎకరంలో ఒక్క పంటకు దాదాపు అర టన్ను బొగ్గు అనవసరంగా కాలిపోతున్నదన్నమాట.

ఇది కేవలం లెక్క కోసం చెప్పిన లెక్క కాదు. దేశంలోని పాత వ్యవసాయ పంపుసెట్లలో అనేకం 30 శాతం లేదా అంతకంటె తక్కువ సామర్థ్యంతోనే పనిచేస్తున్నట్లు క్షేత్ర పరిశీలనల్లో తేలింది. దీనికి కారణాలు అనేకం. ఊరి చివరి పొలాలకు వెళ్లే తీగలు పొడవైనవి కావడం వల్ల వోల్టేజీ పడిపోతుంది. వోల్టేజీ తగ్గినప్పుడు మోటారు ఎక్కువ కరెంటును లాగుకుంటుంది. తీగచుట్ట వేడెక్కి కాలిపోతుంది. కాలిన మోటారును రివైండింగ్ చేయిస్తే అది మళ్లీ తిరుగుతుంది గాని, పూర్వపు సామర్థ్యం తరచుగా తిరిగి రాదు. ఈ బాధ పడలేక రైతు అవసరానికి మించిన అశ్వశక్తి గల మోటారును అమర్చుకుంటాడు. అందరూ పెద్ద మోటార్లను అమర్చుకోవడంతో ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పెరిగి వోల్టేజీ ఇంకా పడిపోతుంది. ఇదొక విషవలయం. వరి పొట్ట దశలో ఉన్నప్పుడు మోటారు కాలిపోయి కొన్ని రోజులు నీరు అందకపోతే గింజ తాలుపోతుంది. కాబట్టి మోటారు సామర్థ్యం రైతుకు బిల్లు రూపంలో కాకపోయినా, పంట రూపంలో ప్రాణాధారమైన విషయమే.

ఈ సమస్యకు శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు చాలాకాలం క్రితమే పరిష్కారాలు చూపారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ పథకాన్ని ప్రారంభించింది. 2005లో ఆ పథకానికి కొన్ని నియమాలను జోడించింది. కెపాసిటర్ అమర్చుకోవడం, బావుల మీది పంపులకు రాపిడి తక్కువగా ఉండే ఫుట్‌వాల్వు వాడడం, ఐ.ఎస్.ఐ. ముద్ర గల పంపుసెట్టునే కొనడం, నునుపైన ప్లాస్టిక్ గొట్టాలు వేయడం అనేవి అందులో ముఖ్యమైనవి. ఇవన్నీ పరిశోధనలో నిగ్గుతేలిన పద్ధతులే. అయినా అవి ఆశించినంతగా పొలాలకు చేరలేదు.

కారణాన్ని వెతకడం కష్టం కాదు. కొత్త పంపు ఖర్చును రైతు భరించాలి. దానివల్ల మిగిలే విద్యుత్తు లాభం మాత్రం విద్యుత్ సంస్థకు, ప్రభుత్వానికి చెందుతుంది. ఒక రైతు కెపాసిటర్ అమర్చుకున్నా, అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న తక్కిన రైతులు అమర్చుకోకపోతే అతని మోటారుకు కలిగే మేలు స్వల్పం. ఒంటి చేతితో చప్పట్లు మోగవు కదా! ఖర్చు ఒకరిది, ఫలం వేరొకరిది అయినప్పుడు ఎంత గొప్ప పరిశోధన అయినా కాగితాల మీదనే నిలిచిపోతుంది. ఇందులో రైతు అలక్ష్యం కంటె ఏర్పాటులోని లోపమే ఎక్కువ.

ఈ లోపాన్ని సరిదిద్దే మార్గాలు కూడ రూపొందాయి. ఎక్కువ వోల్టేజీ పంపిణీ విధానం అందులో ఒకటి. పొడవైన 400 వోల్టుల తీగలకు బదులు 11,000 వోల్టుల తీగలను పొలాల దాకా తీసుకువెళ్లి, కొద్దిపాటి మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చొప్పున అమర్చడం ఈ విధానంలోని విశేషం. ఒకే శక్తిని ఎక్కువ వోల్టేజీతో పంపినప్పుడు తీగలో ప్రవహించే కరెంటు సుమారు 27వ వంతుకు తగ్గుతుంది. నష్టం కరెంటు వర్గాన్ని అనుసరించి ఉంటుంది కనుక, అదే తీగలో అది 700 వంతులలో ఒక వంతుకు పడిపోతుంది. మోటార్లు కాలిపోవడం తగ్గుతుంది. ఇక్కడ పెట్టుబడి విద్యుత్ సంస్థది, లాభం ఉభయులదీ. కనుక ఈ పద్ధతి తెలుగు ప్రాంతాల్లో విస్తరించగలిగింది.

మరొక మార్గం, పాత పంపులను తీసివేసి ప్రభుత్వమే కొత్త పంపులను ఉచితంగా అమర్చడం. బిల్లు చెల్లించేది ప్రభుత్వమే అయినప్పుడు, బిల్లును తగ్గించే యంత్రానికి పెట్టుబడి కూడ ప్రభుత్వమే పెట్టడం న్యాయం. ఆ పెట్టుబడి ఆదా అయిన విద్యుత్తు విలువ నుండి కొన్ని సంవత్సరాల్లో తిరిగి వస్తుంది. కేంద్ర ప్రభుత్వ రంగానికి చెందిన ఇ.ఇ.ఎస్.ఎల్. సంస్థ తూర్పు గోదావరి జిల్లా రాజానగరం ప్రాంతంలో ఈ పద్ధతిని ప్రయోగాత్మకంగా అమలుచేసింది.

తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ సరఫరా ప్రారంభమైంది. రాష్ట్రంలో వ్యవసాయ కనెక్షన్లు 20 లక్షలకు పైగా ఉన్నాయి. ఇటువంటి చోట ఒక జాగ్రత్త అవసరం. సమర్థమైన పంపు అదే సమయంలో ఎక్కువ నీటిని తోడగలదు. పాత పంపు స్థానంలో అంతే అశ్వశక్తి గల కొత్త పంపును అమర్చితే విద్యుత్తు మిగలదు సరికదా, భూగర్భజలం మరింత త్వరగా అడుగంటుతుంది. బోరులోని నీటికి, పైరు అవసరానికి సరిపడే చిన్న పంపును ఎంపిక చేయడం ముఖ్యం. అందుచేత పంపు పరిశోధనను నీటి పరిశోధన నుండి వేరుచేసి చూడకూడదు.

మర చెప్పే పాఠం

రెండవ యంత్రమైన మర కథ దీనికి భిన్నమైనది. ఉప్పుడు బియ్యం తయారీలో ధాన్యాన్ని మొదట నానబెట్టి, ఆవిరితో ఉడికించి, ఆరబెట్టి, ఆ తరువాత మర పట్టాలి. పూర్వం ధాన్యాన్ని చన్నీటిలో రెండు మూడు రోజులు నానబెట్టేవారు. అందువల్ల నీరు పులిసి బియ్యానికి దుర్వాసన పట్టేది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ సమస్యను అధ్యయనం చేసి, సుమారు 70 డిగ్రీల వేడినీటిలో నానబెడితే మూడు నాలుగు గంటల్లోనే పని పూర్తవుతుందని నిరూపించారు. అప్పటి తంజావూరు జిల్లాలో 1960ల చివర ఒక చిన్న ప్రయోగశాలగా మొదలైన ధాన్య శుద్ధి పరిశోధన క్రమంగా ఎదిగి నేడు జాతీయ స్థాయి ఆహార సాంకేతిక విద్యాసంస్థగా రూపొందింది. ఈ రెండూ ప్రజాధనంతో నడిచిన పరిశోధనలే.

ధాన్యపు బరువులో సుమారు 20 శాతం ఊక. ఒక టన్ను ధాన్యాన్ని మర పడితే దాదాపు 200 కిలోల ఊక వస్తుంది. ఒక కిలో ఊకను మండిస్తే సుమారు 3,000 కిలోకేలరీల వేడి లభిస్తుంది. ఈ ఊకనే బాయిలర్‌లో ఇంధనంగా వాడి, ఆ ఆవిరితో ధాన్యాన్ని ఉడికించి ఆరబెట్టుకోవడం మిల్లులకు సాధ్యమైంది. కొన్నిచోట్ల అదే ఆవిరితో విద్యుత్తును కూడ ఉత్పత్తి చేశారు. ఉమ్మడి రాష్ట్రంలో 1986లో ఏర్పడిన సంప్రదాయేతర ఇంధన వనరుల అభివృద్ధి సంస్థ ఇటువంటి పథకాలను ప్రోత్సహించింది.

ఆ తరువాత దృష్టి మరలోని సూక్ష్మ నష్టాల వైపు మళ్లింది. చిన్న పరిశ్రమల కోసం కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ చేపట్టిన కార్యక్రమంలో వరంగల్ రైస్ మిల్లుల సముదాయం ఒకటిగా ఎంపికైంది. ఎక్కడ ఎంత వేడి వృథా అవుతున్నదో, ఏ మోటారు భారానికి మించి పెద్దదిగా ఉందో, ఏ బెల్టు జారుతున్నదో నిపుణులు కొలిచి, యజమానులకు ఉపయోగపడే మార్గదర్శిని రూపొందించారు. ఇటువంటి సూచనలను మిల్లు యజమాని పొలం మీది రైతు కంటె త్వరగా స్వీకరించడానికి కారణం స్పష్టమే. మిగిలిన ప్రతి యూనిట్ అతని నెలసరి బిల్లులోనే కనిపిస్తుంది. కొలిచి చూపించగలిగిన లాభం ఎవరికి దక్కుతుందో, వారే కొత్త పద్ధతిని ఆదరిస్తారు.

చట్టం, ప్రమాణం, బజారు

పరిశోధన ఫలితాన్ని ప్రజల చేతికి అందించడంలో చట్టానికి ప్రధాన పాత్ర ఉంది. భారత పార్లమెంటు 2001లో ఇంధన పరిరక్షణ చట్టాన్ని ఆమోదించింది. 2002 మార్చి 1 నుండి అది అమలులోకి వచ్చింది. ఆ రోజునే ఇంధన సామర్థ్య సంస్థ ఏర్పడింది. ఏటా డిసెంబరు 14న జాతీయ ఇంధన పరిరక్షణ దినోత్సవాన్ని జరుపుకోవడం ఆనవాయితీ అయింది. 2006లో ఈ సంస్థ విద్యుత్ ఉపకరణాలపై నక్షత్రాల గుర్తును ప్రవేశపెట్టింది. అంతవరకు ప్రయోగశాల నివేదికలకే పరిమితమైన సమాచారం ఆనాటి నుండి దుకాణంలోని రిఫ్రిజిరేటర్ తలుపు మీదికి వచ్చింది. చదువురానివారు కూడ నక్షత్రాలను లెక్కపెట్టి వస్తువును ఎంచుకోగలిగారు. 2023 జనవరి 1 నుండి సీలింగు ఫ్యాన్లకు కూడ ఈ గుర్తు తప్పనిసరి అయింది. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే, బ్రష్‌లు లేని కొత్త రకం మోటారుతో తయారైన ఫ్యాను 30 వాట్ల ప్రాంతంలోనే అంతే గాలినిస్తుంది.

ప్రమాణం తరువాత కావలసినది అందుబాటు ధర. ఎల్.ఇ.డి. దీపమే ఇందుకు ఉదాహరణ. తెల్లని వెలుగునిచ్చే ఎల్.ఇ.డి.కి మూలమైన నీలి ఎల్.ఇ.డి.ని కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ సంవత్సరం మన దేశంలో ఎల్.ఇ.డి. బల్బు సామాన్యునికి అందరాని వస్తువు. ఇ.ఇ.ఎస్.ఎల్. సంస్థ లక్షల సంఖ్యలో బల్బులను ఒకేసారి కొనుగోలు చేయడం ప్రారంభించింది. 2014 ఆరంభంలో ఆ సంస్థకు ఒక్కొక్కటి సుమారు 310 రూపాయలకు లభించిన బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగివచ్చింది. 2015 జనవరిలో జాతీయ స్థాయిలో ప్రారంభమైన ఉజాలా పథకం ద్వారా 36 కోట్లకు పైగా బల్బులు పంపిణీ అయ్యాయి. ఇక్కడ ప్రభుత్వం కొత్త దీపాన్ని కనుగొనలేదు. కొనుగోలుదారుగా నిలిచి బజారును సృష్టించింది. అయితే బల్బు లోపలి చిప్ కోసం దేశం ప్రధానంగా దిగుమతుల మీదనే ఆధారపడింది. బజారును సృష్టించడం ఎంత అవసరమో, మూల పరిశోధనను స్వదేశంలో పెంపొందించడం కూడ అంతే అవసరమని ఈ అనుభవం హెచ్చరిస్తున్నది.

పెద్ద పరిశ్రమలు, పెద్ద పొదుపు

వేములపల్లికి తూర్పున సూర్యాపేట జిల్లాలోని మేళ్లచెరువు, మట్టపల్లి పరిసరాల్లో సున్నపురాయి నిక్షేపాలు విస్తారంగా ఉన్నాయి. వాటి ఆధారంగా సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. సిమెంటు తయారీలో సున్నపురాయిని 1,400 డిగ్రీలకు పైగా వేడిచేయాలి. పూర్వపు తడి పద్ధతిలో ముడి పదార్థాన్ని నీటితో కలిపి కొలిమిలోకి పంపేవారు. ఆ నీటిని ఆవిరి చేయడానికే ఎంతో బొగ్గు ఖర్చయ్యేది. పొడి పద్ధతి వచ్చిన తరువాత కొలిమి నుండి వెలువడే వేడి వాయువులతోనే ముడి పదార్థాన్ని ముందుగా వేడిచేయడం సాధ్యమై, ఇంధన వినియోగం దాదాపు సగానికి తగ్గింది. సిమెంటు పరిశోధన కోసం 1962లో స్థాపితమైన జాతీయ సంస్థకు హైదరాబాదులో కూడ ఒక కేంద్రం ఉంది.

2012 నుండి 2015 వరకు కేంద్ర ప్రభుత్వం పెద్ద పరిశ్రమలకు ఇంధన పొదుపు లక్ష్యాలను విధించింది. సిమెంటుతో సహా ఎనిమిది రంగాలకు చెందిన 478 పరిశ్రమలు ఇందులో చేరాయి. లక్ష్యాన్ని మించి పొదుపు చేసిన కర్మాగారానికి ధ్రువపత్రాలు లభిస్తాయి. లక్ష్యం చేరలేనివారు వాటిని కొనుక్కోవాలి. తొలి దశ లక్ష్యం సుమారు 67 లక్షల టన్నుల చమురుకు సమానమైన ఇంధనం కాగా, సుమారు 87 లక్షల టన్నులకు సమానమైన ఇంధనం ఆదా అయింది. పొదుపునకు విలువ కట్టి, దానిని అమ్మదగిన వస్తువుగా మార్చడమే ఈ విజయానికి మూలం. 2022లో ఇంధన పరిరక్షణ చట్టాన్ని సవరించిన ప్రభుత్వం 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని ప్రకటించి, ఈ మార్గాన్ని మరింత విస్తరించింది.

విద్యుత్తును వాడుకునేచోటనే గాక, ఉత్పత్తి చేసేచోట కూడ సామర్థ్యానికి ప్రాముఖ్యం ఉంది. మిర్యాలగూడకు సమీపంలోని దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని తలపెట్టారు. అందులోని 800 మెగావాట్ల యూనిట్లు సూపర్ క్రిటికల్ పద్ధతికి చెందినవి. పాత పద్ధతి కేంద్రాలు బొగ్గులోని శక్తిలో సుమారు 35 శాతాన్ని విద్యుత్తుగా మార్చగలిగితే, నీటి ఆవిరిని అత్యధిక పీడనంలో వాడే ఈ పద్ధతిలో ఆ శాతం 40కి చేరువవుతుంది. దీనిని 46 శాతానికి పెంచాలనే ఆశయంతో 2016లో కేంద్ర మంత్రిమండలి 1,554 కోట్ల రూపాయల పరిశోధన పథకానికి ఆమోదం తెలిపింది. అణుశక్తి పరిశోధన కేంద్రం, బి.హెచ్.ఇ.ఎల్., ఎన్.టి.పి.సి. సంస్థలు ఇందులో భాగస్వాములు. 700 డిగ్రీలకు పైబడిన ఆవిరిని తట్టుకోగల లోహాన్ని తయారుచేయడమే ఈ పరిశోధనలోని అసలు సవాలు. ఇంతటి ఖర్చుతో, ఇంత అనిశ్చితితో కూడిన పనిని ప్రైవేటు సంస్థ ఏదీ ఒంటరిగా తలకెత్తుకోదు.

తెల్లని కప్పు

పరిశోధన, విధానం ఒకదానినొకటి అనుసరించి నడిచిన చక్కని ఉదాహరణ హైదరాబాదులో కనిపిస్తుంది. వేసవిలో కాంక్రీటు కప్పు ఎండను పీల్చుకొని గదులను కొలిమిగా మారుస్తుంది. హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ ఆచార్యులు, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు కలిసి భవనాల కప్పుల మీద ప్రయోగాలు చేశారు. నల్లని కప్పుకు తెల్లని పూత వేసినప్పుడు గదులను చల్లబరచడానికి వాడే విద్యుత్తు 14 నుండి 26 శాతం వరకు తగ్గినట్లు తేలింది. 2012లో వెలువడిన ఈ ఫలితాలు నిపుణుల దృష్టిని ఆకర్షించాయి. అదే సంవత్సరం భారత, అమెరికా ప్రభుత్వాల నిధులతో భవనాల ఇంధన సామర్థ్యంపై ఉమ్మడి పరిశోధన కేంద్రం ఏర్పడగా, హైదరాబాదు సంస్థ కూడ అందులో పాలుపంచుకున్నది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. ప్రయోగానికీ ప్రభుత్వ విధానానికీ మధ్య పది సంవత్సరాలకు పైగా గడిచాయి. సున్నం పూసినంత సులభమైన పనికే ఇంతకాలం పట్టినప్పుడు, క్లిష్టమైన యంత్రాల విషయంలో ఎంత నిలకడ అవసరమో ఊహించవచ్చు.

నిలకడ అనేది నిధులకు కూడ వర్తిస్తుంది. 2010లో కేంద్ర ప్రభుత్వం ప్రతి టన్ను బొగ్గుపై 50 రూపాయల సుంకం విధించి, ఆ ధనంతో జాతీయ స్వచ్ఛ ఇంధన నిధిని ఏర్పాటుచేసింది. శుద్ధ ఇంధన పరిశోధనకు సహాయపడడం దాని ఆశయం. 2016 నాటికి ఆ సుంకం 400 రూపాయలకు పెరిగింది. 2017లో వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చినప్పుడు బొగ్గుపై వచ్చే ఈ రాబడి రాష్ట్రాలకు పరిహారం చెల్లించే నిధిలో కలిసిపోయింది. ఒక సదాశయానికి కేటాయించిన ధనం వేరొక అవసరానికి మళ్లడం పరిపాలనలో సహజమే కావచ్చు. కాని దీర్ఘకాలం సాగవలసిన పరిశోధన వార్షిక బడ్జెట్టు మీద, మారుతున్న అవసరాల మీద ఆధారపడితే ఫలం పక్వానికి రాకముందే రాలిపోతుంది.

నాలుగు కొలికిల గొలుసు

ఈ ఉదాహరణలన్నింటినీ కలిపి చూస్తే ఒక సత్యం గోచరిస్తుంది. ఇంధన సామర్థ్యం నాలుగు కొలికిలు గల గొలుసు వంటిది. పరిశోధన మొదటి కొలికి, ప్రమాణం రెండవది, అందుబాటు ధర మూడవది, వాడుకునేవానికి దక్కే లాభం నాలుగవది. ఎల్.ఇ.డి. దీపంలోను, సిమెంటు కర్మాగారంలోను, మిర్యాలగూడ మరలోను చివరి మూడు కొలికిలు బలంగా ఉన్నాయి కనుక విజయం లభించింది. వేములపల్లి బోరుబావి దగ్గర నాలుగవ కొలికి తెగిపోయింది కనుక మంచి పంపు ఉండి కూడ పొలానికి చేరలేదు. ప్రభుత్వ ప్రోత్సాహం అంటే ప్రయోగశాలకు నిధులు మంజూరు చేయడం మాత్రమే కాదు. తెగిన కొలికి ఎక్కడుందో గుర్తించి అక్కడ అతుకు వేయడం.

విద్యుత్ కేంద్రం ప్రారంభమైనప్పుడు ఉత్సవం జరుగుతుంది, శిలాఫలకం వెలుస్తుంది. ఆదా అయిన విద్యుత్తుకు ఉత్సవమూ ఉండదు, ఫలకమూ ఉండదు. కాలని బొగ్గు కంటికి కనబడదు. కాలిపోని మోటారు వార్త కాదు. అందుకే ఈ రంగానికి ప్రజాదరణ కంటె ముందుగా ప్రభుత్వ దూరదృష్టి కావాలి, దానికి తోడుగా కొలిచి చూసే శాస్త్రీయ దృష్టి గల యువతరం కావాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నది పెద్దల మాట. బొగ్గు, భూగర్భజలం అనే రెండు దీపాలూ తరగిపోతున్న ఈ కాలంలో ఆ మాటకు అర్థం మరింత విస్తృతమైంది. చిల్లును పూడ్చినవానికి కుండ చేసినవానితో సమానమైన గౌరవం దక్కిననాడు, ప్రయోగశాలలో వెలిగిన దీపం పొలం గట్టు మీద కూడ వెలుగుతుంది.